సెకండు గేరు ఎందుకు జారింది?

అది 2005 ఫిబ్రవరి. మిరప కోతల కాలం. సాగర్ కుడి కాలువ కింద పల్నాటి పల్లె ఒకటి. తెల్లవారుజామున అయిదింటికి కోత ముఠా జీపెక్కింది. అది ఎనిమిది మంది కూర్చోవాల్సిన జీపు. ఎక్కింది పద్దెనిమిది మంది. అందులో పదిహేను మంది ఆడవాళ్లు. సద్ది గిన్నెలు, గోతాలు, ఇద్దరు చంటిబిడ్డలు వేరే.

కాలువ కట్ట మీద నుంచి చేల దారిలోకి దిగే చోట వాలు ఉంది. డ్రైవరు సెకండు గేరులో వేసి బండి దించుతున్నాడు. సగం వాలులో 'టక్' మని ఒక చప్పుడు. గేరు రాడ్డు దానంతటదే జారి న్యూట్రల్లోకి వచ్చింది. అంతవరకు బండిని పట్టి ఉంచిన ఇంజను చెయ్యి వదిలేసింది. బరువు మీద ఉన్న బండికి బ్రేకులు ఆనలేదు. కింద తుమ్మ మొద్దు అడ్డం వచ్చింది గనుక జీపు ఆగింది. లేకపోతే పక్కనే పంట కాలువ. ఒకామెకు మణికట్టు విరిగింది. ఇంకొకామెకు నుదురు చీలింది. చావు మాత్రం తప్పింది.

మర్నాడు ముఠా జీపెక్కలేదు. "మాకు కూలి గావాల గానీ పాడె అక్కర్లేదు" అని తేల్చి చెప్పింది ముఠా పెద్దమ్మ.

ఈ మాట అనడం తేలికే, అని నిలబడడమే కష్టం. ఆ రోజుల్లో మా వైపు ఆడకూలి 40, 50 రూపాయలు. కోతలున్న రెండు మూడు నెలలే చేతినిండా పని. ఒక రోజు మానితే ఆ రోజు పొయ్యి మీదకు ఏం ఎక్కాలో ఆలోచించాలి. ఇటు ఆసామి ఊరుకుంటాడా? "పండు రాలిపోతోంది, మీరు రాకపోతే కర్నూలు వైపు ముఠాను దించుకుంటా" నన్నాడు. వాళ్లూ మనలాంటి కూలీలే. మన పొట్ట మీద వాళ్ల చేత కొట్టించడం పాత విద్య.

జీపు యజమాని సంగతి ఏమిటి? అతనేం షావుకారు కాదు. ఎకరం అమ్మి, మిగతాది ఫైనాన్సులో తెచ్చి, పాత డీజిలు జీపు కొన్నవాడు. వాయిదా తప్పితే బండి లాక్కుపోతారు. పట్నంలో ఒక షెడ్డుకు తీసుకెళ్తే గేరుబాక్సు మొత్తం మార్చాలి, తొమ్మిది వేలు, పది రోజులు అన్నారట. తొమ్మిది వేలంటే అతనికి మూడు వాయిదాలు. ముఠాకు పది రోజులంటే అయిదు వందల కూలి.

ఇదీ పంచాయితీ. సంఘం దగ్గరికి వచ్చింది. అప్పటికి నేను సంఘంలో కొత్త. అంతకు ముందు మూడేళ్లు ఒక మోటారు షెడ్డులో హెల్పరుగా గడ్డీగాదం తిన్నవాణ్ని. చదువు తొమ్మిదో తరగతితో సరి. "నువ్వు షెడ్డులో చేశావు గదా, చూడు" అన్నారు పెద్దలు. నేను చూడగలిగినంత చూసి, నాకు పని నేర్పిన మేస్త్రిని పిలుచుకొచ్చాను.

ఆ మూడు రోజుల పనిలో మేం తెలుసుకున్నది, అందులో చేసిన తప్పుతో సహా, ఇక్కడ చెప్పదలచుకున్నాను. జీపుల కాలం చాలా వరకు పోయింది. అయినా ఇవాళ కూలీలు ఎక్కే ట్రాక్టరులోనూ, ఆటోలోనూ, చిన్న ట్రక్కులోనూ అదే గేరుబాక్సు సూత్రం. అదే కూలి ప్రాణం.

రబ్బరుతో కట్టిన గేరు

మేస్త్రి వచ్చి ముందు బానెట్ ఎత్తలేదు, కిందికీ దూరలేదు. డ్రైవరు సీట్లో కూర్చుని గేరు రాడ్డు చేత్తో తడిమాడు. రాడ్డు మొదట్లో సైకిలు ట్యూబు ముక్క ఒకటి చుట్టి ఉంది.

"ఇదెందుకు కట్టావురా అబ్బాయా?"

డ్రైవరు తల దించుకున్నాడు. గేరు నెల రోజులుగా జారుతూనే ఉందట. వాలు వచ్చినప్పుడల్లా రాడ్డును ట్యూబుతో లాగి కట్టేవాడట. ట్యూబు లేనినాడు క్లీనరు మోకాలు అడ్డం పెట్టి పట్టేవాడట. ఆ రోజు ట్యూబు తెగింది.

ఎన్ని బళ్లలో చూడలేదు మనం ఇలాంటివి! తాడు కట్టిన తలుపు, చెప్పు ముక్క పెట్టిన పెడలు, ట్యూబు చుట్టిన గేరు. పేదవాడి తెలివి అని మనమే మెచ్చుకుంటాం కూడా. అయితే మేస్త్రి మెచ్చుకోలేదు. "జబ్బు తగ్గించేది మందు. కేక బయటికి రాకుండా నోరు నొక్కేది మందా? ఇది నోరు నొక్కడం" అన్నాడు. రాడ్డును బలవంతాన లాగి కట్టినందువల్ల లోపల గేరును నెట్టే ఫోర్కు, తిరిగే కాలరుకు ఎడతెగకుండా రాసుకుంటుంది. కాగి అరుగుతుంది. ఇవాళ జారిన గేరు రేపు అసలు పడదు.

లోపల జరిగేదేమిటి?

గేరుబాక్సు అంటే ఏదో మర్మం అనుకుంటాం. అది ఒక ఇనప పెట్టె. అందులో పళ్ల చక్రాలు, నూనె. ఇంజను మహా వేగంగా తిరుగుతుంది గానీ దాని బలం తక్కువ. చిన్న చక్రం పెద్ద చక్రాన్ని తిప్పితే వేగం తగ్గి బలం పెరుగుతుంది. పలుగుకోల పొడుగు పెంచి బండ లేపినట్టే ఇదీను. ఎక్కుడులో చిన్న గేరు వేసేది అందుకే. దిగుడులో అదే గేరు ఇంకో పని చేస్తుంది. చక్రాలు ఇంజనును తిప్పాల్సి వస్తుంది, ఇంజను ఎదురు తిరిగి బండిని పట్టి ఆపుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాటకు అర్థం అదే. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దింపేవాడు బండిని బ్రేకుల మీద ఒక్కదాని మీదే వదిలేస్తున్నాడన్నమాట.

1890ల్లో ఫ్రాన్సు దేశంలో లెవాసర్ అనే ఇంజనీరు పళ్ల చక్రాలను షాఫ్టు మీద జరిపి ఒకదానిలోకి ఒకటి పడేట్టు కారుకు గేర్లు పెట్టాడు. తిరిగే చక్రంలోకి తిరిగే చక్రం పడాలి గనుక 'గర్ర్' మనేది. పాత లారీ డ్రైవర్లు రెండుసార్లు క్లచ్ తొక్కి గేరు మార్చేది ఆ గొడవ తప్పించడానికే. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లకు 'సింక్రో' వచ్చింది. ఇత్తడి రింగు ఒకటి ముందుగా రాసుకుని రెండు చక్రాల వేగం సమానం చేస్తుంది, ఆ తర్వాత పళ్లు కలుస్తాయి. మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించిన విల్లీస్ జీపు ఈ రెంటి మధ్య రకం. పాత మూడు గేర్ల పెట్టెలో మొదటి గేరు, రివర్సు జరిగి పడేవి. రెండు, మూడు గేర్లకు సింక్రో ఉండేది. మా జీపుది ఆ మూడు గేర్ల పెట్టే.

సెకండు గేరు పడిందంటే ఒక కాలరు జరిగి, గేరు పక్కనున్న చిన్న పళ్ల మీద కూర్చుందన్నమాట. దాన్ని అక్కడే ఉంచేది ముఖ్యంగా రెండు. ఒకటి, పై మూతలో ఫోర్కు రాడ్డు మీద ఉన్న గుంటలో స్ప్రింగు ఒత్తిడితో కూర్చునే ఉక్కు గోళీ. రెండు, ఆ పళ్లు చదునుగా ఉండి ఒకదాన్నొకటి నిండుగా పట్టుకోవడం. పళ్లు అరిగి ఏటవాలైతే బరువు పడ్డప్పుడల్లా ఒకదాన్నొకటి బయటికి నెట్టుకుంటాయి. ఎక్కుడులో బరువు ఒక పక్క, దిగుడులో రెండో పక్క. సమతలం మీద బాగున్న గేరు వాలులోనే ఎందుకు జారిందో ఇప్పుడు తెలిసింది గదా! మనుషులు నిండుగా ఉన్నప్పుడు, ప్రమాదం ఎక్కువున్న చోటే అది జారుతుంది.

పనిముట్లు ఎక్కడివి?

ఇప్పేదాకా సరే, దేంతో ఇప్పాలి? షెడ్డులో పుల్లర్లు, సర్‌క్లిప్ ప్లయర్లు, ప్రెస్సు, గేజీలు ఉంటాయి. మా దగ్గర ఒక పానాల మూట, రెండు సుత్తులు, ఒక జాకీ, కిర్సనాయిలు డబ్బా. మిగతావి చేసుకున్నాం.

బేరింగు లాగడానికి పుల్లరు కావాలి. లారీ కమాను పట్టీ విరిగిన ముక్క ఒకటి దొరికింది. కమాను ఉక్కుకు బెజ్జం వేయబోతే డ్రిల్లు బిట్టే విరుగుతుంది. మా ఊరి కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, రాత్రంతా బూడిదలో పూడ్చి ఉంచాడు. నిదానంగా చల్లారితే ఉక్కు మెత్తబడుతుంది. తెల్లారి మూడు బెజ్జాలు వేశాం. పక్క బెజ్జాల్లో రెండు పొడుగు బోల్టులు, నడుమ పెద్ద నట్టు వెల్డింగు పెట్టించి అందులో తోసే బోల్టు. ఈ కమ్మరికి బడి చదువు లేదు. ఉక్కును కాల్చి చల్లార్చితే ఏమవుతుందో కాలేజీ పుస్తకం చెప్పేది అతని కొలిమిలో తాత తండ్రుల నాటి నుంచి ఉన్నదే.

సర్‌క్లిప్‌లు తీయడానికి పాత కటింగు ప్లయరు కొసలు ఆకురాయితో సూదిగా రాసుకున్నాం. పెద్ద గాళ్ల నట్టుకు పానా లేదు. లావుపాటి ఇనప గొట్టం ముక్క కొసను రంపంతో కోసి, నట్టు గాళ్లలో కూర్చునేట్టు నాలుగు పళ్లు మిగిల్చి, రెండో కొసకు అడ్డకడ్డీ దూర్చాం. బేరింగులను ఉక్కు సుత్తితో నేరుగా కొట్టకూడదు. అరిగిపోయిన ఇత్తడి బుష్షును సాగగొట్టి ఉలిలాగా వాడాం.

అన్నిటికన్నా ముఖ్యమైంది దొంగ షాఫ్టు. గేరుబాక్సు అడుగున నాలుగు చక్రాలు కలిసి ఉన్న ఒక గుత్తి ఉంటుంది. అది ఒక నిలకడ షాఫ్టు మీద, నడుమ సూదుల్లాంటి సన్నని రోలర్ల మీద తిరుగుతుంది. షాఫ్టును నేరుగా బయటికి లాగితే ఆ సూదులన్నీ జొన్నలు పోసినట్టు పెట్టెలో రాలతాయి. అందుకని అదే లావున, గుత్తి పొడుగుకు రవ్వంత తక్కువగా ఒక కర్ర చేసి, దాంతో ముందు నుంచి తోయాలి. అసలు షాఫ్టు వెనక నుంచి బయటికి పోతుంది, దొంగ షాఫ్టు దాని చోట్లో నిలిచి సూదులను పట్టి ఉంచుతుంది. మేస్త్రి నల్లతుమ్మ చేవ ముక్క తెప్పించి, చెక్కి, గాజు పెంకుతో గీకి నున్నగా చేశాడు. నాగలికి పనికొచ్చే కర్ర గేరుబాక్సుకూ పనికొచ్చింది.

విప్పడం

మొదటి పని బండి కదలకుండా చెయ్యడం. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు, దుంగలు పేర్చి దాని మీద బండిని ఆనించాలి. జీపులో గేరుబాక్సు కింద ఉన్న అడ్డపట్టీయే ఇంజను వెనక భాగాన్ని కూడా మోస్తుంది. అది విప్పే ముందు ఇంజను కింద వేరే ఆనిక పెట్టకపోతే అంతా మీద పడుతుంది. ఈ జాగ్రత్త తెలియక కాళ్లు విరిగిన హెల్పరు కుర్రాళ్లను నేనెరుగుదును.

రెండోది నూనె దించి చూడడం. బేసినులో ఎండకు పెట్టి చూస్తే నూనె నిండా బంగారు రజను మెరిసింది. అది ఇత్తడి. సింక్రో రింగో, గుత్తి పక్కనుండే వాషర్లో అరుగుతున్నాయని నూనే చెప్పింది. వైద్యుడు నాడి చూసినట్టు మేస్త్రి ముందు నూనె చూస్తాడు.

క్లచ్ దగ్గర ఇంకో మాట. అక్కడ పేరుకున్న నల్ల ధూళిని నోటితో ఊదకండి. పాత క్లచ్ ప్లేట్లలో, బ్రేకు లైనింగుల్లో రాతినార ఉండేది. ఆస్‌బెస్టాస్ అంటారు. అది ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరబడి తెలియకుండా ఉండి తర్వాత ప్రాణం తీస్తుంది. నేను షెడ్డులో ఉన్న మూడేళ్లూ ఊదినవాణ్నే. ఎవరూ వద్దని చెప్పలేదు. తడిగుడ్డతో తుడవాలి.

తాటి దూలాలు మూడు కాళ్లుగా నిలబెట్టి, మోకుతో గేరుబాక్సును దించాం. వంకరగా లాగితే క్లచ్ ప్లేటు దెబ్బతింటుంది, అందుకని తిన్నగా వెనక్కి. పై మూత విప్పితే ఫోర్కులు, రాడ్లు మూతతోపాటే వచ్చాయి. వెనక నిలకడ షాఫ్టును, రివర్సు షాఫ్టును కలిపి పట్టే చిన్న పలక లాగేసి, దొంగ షాఫ్టు తోసి, గుత్తిని పెట్టె అడుగుకు దించాం. ఆ తర్వాత ముందు షాఫ్టు, నడిమి షాఫ్టు.

విప్పిన ప్రతి ముక్కనూ గోనెపట్టా మీద విప్పిన వరసలోనే పెట్టాం. మేస్త్రి చదవలేడు, రాయలేడు. కానీ ఏ వాషరు ఏ ముఖం ఎటుందో బొగ్గుతో గుర్తులు గీశాడు. ఆ గోనెపట్టా చూస్తే అచ్చు వేసిన బొమ్మల పుస్తకం మాదిరి ఉంది.

అసలు జబ్బు

అందరం స్ప్రింగే మెత్తబడి ఉంటుంది అనుకున్నాం. అది నిజమే, కొంత మెత్తబడింది. నాలాంటివాడైతే స్ప్రింగు, గోళీ మార్చి మూత పెట్టేసేవాణ్ని. గేరు ఒక వారం ఆగి మళ్లీ జారేది. మేస్త్రి తొందరపడలేదు. గుత్తికీ, పెట్టె గోడకూ నడుమ సందు చూడాలన్నాడు. ఫీలర్ గేజీ లేదు. గడ్డం గీసుకునే బ్లేళ్లు తెప్పించాడు. బ్లేడు మందం దాదాపు మిల్లీమీటరులో పదో వంతు. మూడు నాలుగు బ్లేళ్లు దూరితే సరైన సందు. మాకు తొమ్మిది దూరాయి. పక్కనుండే ఇత్తడి వాషరు అరిగి రేకయింది. గుత్తి ముందుకూ వెనక్కూ ఊగుతోంది.

నడిమి షాఫ్టు ముక్కు ముందు షాఫ్టులోని సూది రోలర్ల మీద తిరుగుతుంది. అవీ అరిగాయి. దాంతో నడిమి షాఫ్టు వంగి ఆడుతోంది. వంగి ఆడితే కాలరు పళ్ల మీద నిండుగా కూర్చోదు. నిండుగా కూర్చోకపోతే పళ్ల కొసలే బరువు మోసి ఏటవాలుగా అరుగుతాయి. అరిగితే జారుతుంది. జారుతోందని ట్యూబు కట్టారు. ట్యూబు కట్టినందుకు ఫోర్కు అరిగింది. ఒక పైసా వాషరు దగ్గర మొదలైన జబ్బు పద్దెనిమిది మందిని మొద్దుకు కొట్టింది.

ఏం మార్చాం, ఏం చేశాం? సూది రోలర్లు కొత్తవి కొన్నాం. కాలరు, సెకండు గేరు మాత్రం బెజవాడ ఆటోనగర్‌లో పాత సామాను అంగళ్లు వెతికి, పళ్లు చదునుగా ఉన్న జత ఏరుకొచ్చాం. 1960 దశకంలో మొదలైన ఆ ఆటోనగర్‌లో విప్పిన బండి ఏ ముక్కా వృథా పోదు. వాషరు దొరకలేదు. పాత గన్‌మెటలు బుష్షు ఒకటి గుంటూరులో లేతు మీద కోయించి, రవ్వంత మందంగా తీయించాం. దాన్ని అద్దం పలక మీద వాల్వు గ్రైండింగు పేస్టు వేసి, వేలితో గుండ్రంగా రుద్దుతూ, నాలుగు బ్లేళ్ల సందు వచ్చేదాకా దించాం. ఆ రుద్దుడు అయిదు గంటలు పట్టింది. అరిగిన ఫోర్కు కొసలకు ఇత్తడి పోయించి ఆకురాయితో రాసి సరిచేశాం. గోళీ గుంట అంచులను నూనె రాయితో సాపు చేసి, స్ప్రింగు వెనక పలచటి వాషరు వేశాం.

నాకొక ఆలోచన వచ్చింది. కొత్త కాలరు ఎందుకు, పాత పళ్లనే రాయి మీద పట్టి చదును చేస్తే డబ్బు మిగులుతుంది గదా అని. మేస్త్రి పాత గేరు పన్ను ఒకటి విరగ్గొట్టి చూపించాడు. అంచున గింజ పొట్టంత మందాన గట్టి పొర, లోపల మెత్తటి ఉక్కు. "ఆ పొట్టు రాసేస్తే నెల తిరగదు" అన్నాడు. పొదుపు ఎక్కడ చెయ్యాలో, ఎక్కడ చెయ్యకూడదో ఆ విరిగిన పన్ను నాకు నేర్పింది.

పోయిన సూది

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. రెండో రోజు సాయంత్రం సూదులను గ్రీజులో అతికించి గుత్తిలో పేరుస్తున్నాం. చివరి వరసకు వచ్చేసరికి ఒక సూది తక్కువ. పొద్దున లెక్కపెట్టినవాణ్ని నేనే. గోనెపట్టా జరిపేటప్పుడు నా కాలు తగిలింది. ఎక్కడో రాలింది.

చీకటి పడుతోంది. ముఠా వాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. "రేపు పనికి పోవచ్చా అబ్బాయా?" అని అడుగుతున్నారు. రెండు రోజుల కూలి పోయింది. ఆసామి మాట వాళ్ల చెవుల్లో ఉంది. డ్రైవరు నా చెవిలో అన్నాడు: "అన్నా, అన్నిట్లో ఒక్కటి లేకపోతే ఏమవుద్ది? ఎవరికి తెలుస్తది?" నిజం చెప్తున్నాను, నాకూ ఆ మాట నచ్చింది.

మేస్త్రి ఒప్పుకోలేదు. "తగ్గిన చోట మిగతావి పక్కకు వాలతాయి. రాలినది పెట్టెలోనే ఉంటే? పళ్ల మధ్యన పడితే వెనక చక్రాలు బిగుసుకుంటాయి. అప్పుడు తుమ్మ మొద్దు అడ్డం ఉండదు" అన్నాడు.

ముఠా పెద్దమ్మ ఇదంతా విన్నది. మమ్మల్ని తిడుతుందనుకున్నాను. "ఎతకండయ్యా. రేపు కూడా పోకపోతే పోయింది" అంది. ఆమె రెండు రోజుల కూలి పోగొట్టుకుని మూడో రోజు కూడా వదులుకుంటానంది. సంఘం గురించి నేను చదివిన ఏ పుస్తకమూ ఆ మాటంత బలంగా నాకు చెప్పలేదు.

సంఘం మైకు సెట్టు పాత స్పీకరు ఒకటి పాడయిపోయి మూలన ఉంది. దాన్ని పగలగొట్టి అయస్కాంతం తీశాం. లాంతరు వెలుగులో ఆడవాళ్లు వరసగా కూర్చుని, మిరపకాయలో తాలు ఏరినట్టు మట్టి ఏరారు. నల్ల ఇసుక అంటుకోవడం, దులపడం. రాత్రి తొమ్మిది దాటాక గోనె మడతలో దొరికింది. దాన్ని చూపించినప్పుడు అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

మూడో రోజు బిగించాం. గుత్తిని సన్న తాడుతో పైకి లేపి, వెనక నుంచి అసలు షాఫ్టు తోస్తే తుమ్మకర్ర ముందు నుంచి బయటికి వచ్చింది. కొత్త గేరు నూనె పోశాం. ఇత్తడి రింగులున్న పెట్టెకు జీఎల్-4 రకం 90 నూనె మేలు. కొన్ని ఘాటు మందులు కలిపిన నూనెలు ఇత్తడిని తింటాయి.

బస్తాలు ముందు, మనుషులు తర్వాత

బిగించగానే మనుషుల్ని ఎక్కించలేదు. పద్దెనిమిది మంది బరువుకు సరిపడా మట్టి బస్తాలు ఎక్కించి, మేస్త్రి తనే తోలుతూ అదే వాలులో పదిసార్లు దించాడు. రాడ్డు మీద చెయ్యి వెయ్యలేదు. గేరు జారలేదు. బ్రేకులు మాత్రం మేం ముట్టలేదు. "గేరు జారితే బ్రేకు ఉండాలి. బ్రేకు పోతే ఏముంది? అది ఇంట్లో చేసిన పనిముట్టుతో చేసే పని కాదు" అని చెప్పి, మాస్టరు సిలిండరు కొత్తది కొనిపించి, తెలిసినవాడి చేత వేయించాడు.

అంతా కలిపి ఖర్చు రెండు వేల రెండు వందలు. సంఘం మాటగా ఆసామి సగం పెట్టుకోవాలన్నాం. ఎందుకు పెట్టుకోడు? పంట అతనిది, జీపు అతని చేనికి పోతోంది. మొదట గొణిగాడు. కర్నూలు ముఠా కూడా అదే జీపులో వెళ్లాలి గదా, వాళ్లకూ ఈ సంగతి చెప్తామన్నాక ఇచ్చాడు. విరిగిన మణికట్టుకు కట్టు ఖర్చు, కట్టు విప్పేదాకా సగం కూలి కూడా ఒప్పించాం. పన్నెండు మందిని మించి ఎక్కించకూడదన్న షరతు ఆ కోతల వరకు నిలిచింది. తర్వాతి ఏడు మళ్లీ జారింది. గేరు కాదు, షరతు. దాన్ని కూడా ఎప్పటికప్పుడు విప్పి బిగించుకోవాలని అప్పుడు తెలిసింది.

ఇవాళ్టి సంగతి

ఇరవై ఏళ్లు గడిచాయి. జిల్లాలు చీలి పల్నాడు, బాపట్ల వేరయ్యాయి. కోత ముఠాలు మాత్రం అలాగే కిక్కిరిసి పోతున్నాయి. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిర్చి కోసి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది, తొమ్మిది మంది పోయారు. అలాంటి వార్త వచ్చినప్పుడల్లా 'డ్రైవరు నిర్లక్ష్యం' అని రాసి ఊరుకుంటారు. బండి ఎలా ఉంది, ఎంతమందిని ఎక్కించారు, వేరే బండి పెట్టాల్సింది ఎవరు అన్న ప్రశ్న ఎవరూ అడగరు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉంది. చేనికి చేరే దారి ఇంకేముందో చెప్పే చట్టం లేదు.

షెడ్డు పిల్లల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. నాకు పని నేర్పిన మేస్త్రి తొమ్మిదో ఏట షెడ్డులో చేరాడు. అతని వేళ్లు చూసి ముచ్చటపడతాం గానీ ఆ వేళ్ల వెనక పోయిన బడి చూడం. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. బడి వేళలు అయ్యాక సొంత కుటుంబానికి సాయం చెయ్యడం ఒక మినహాయింపు. చేతిపని నేర్పాలి. బడి మాన్పించి కాదు.

కూలి అన్నాచెల్లెళ్లు బండెక్కే ముందు నాలుగు మాటలు అడగండి. గేరు రాడ్డుకు తాడో ట్యూబో కట్టి ఉందా? వాలులో న్యూట్రల్ కొడుతున్నాడా? బ్రేకు ఒక్క తొక్కుకే ఆనుతోందా, రెండుమూడు సార్లు కొట్టాలా? ఎంతమందిమి ఎక్కుతున్నాం? వీటిలో ఏది తేడాగా ఉన్నా ఒక్కరు దిగితే లాభం లేదు. ఒక్కరు దిగితే ఆ ఒక్కరి కూలే పోతుంది. ముఠా మొత్తం దిగాలి. ఆ రోజు ముఠా మొత్తం దిగబట్టే జీపు బాగయింది.

ఆ తుమ్మకర్ర దొంగ షాఫ్టు ఇప్పటికీ మా సంఘం ఆఫీసు దూలంలో దూర్చి ఉంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అదేమిటని అడుగుతుంటారు. అడిగినప్పుడల్లా ఈ కథంతా చెప్తాను. సూది పోగొట్టింది నేనేనని కూడా చెప్తాను.